చోబే ఏనుగులు, ఒంగోలు మూపురం

ఆఫ్రికా వెళ్ళొచ్చామని తెలిసినప్పటి నుంచి ఒంగోలులో ఎదురైన ప్రతివాళ్ళూ అడిగేది ఒకటే. "సింహాన్ని చూశారా డాక్టరు గారూ?" చూశాం. చెట్టు నీడన పడుకుని తోకతో ఈగలు తోలుకుంటోంది. నాకు చెప్పాలని ఉన్నది ఆవుల సంగతి. సర్వీసంతా ప్రకాశం జిల్లా పశువుల ఆసుపత్రుల్లో గడిపినవాణ్ణి, ఇంకేం చెప్తాను!

మా చిన్నమ్మాయీ అల్లుడూ ఉండేది బోట్స్వానాలో, గబరోనేలో. అక్కడి నుంచి చోబే నేషనల్ పార్కు పక్కనున్న కసానేకి 900 కిలోమీటర్ల పైమాటే. నాటా అనే ఊరు దాటాక ఏనుగులు రోడ్డు మీదికే వచ్చేస్తాయి. మా అల్లుడు హారన్ ముట్టుకోడు. దూరంగా బండి ఆపి, ఆఖరి పిల్ల కూడా దాటాకే కదులుతాడు. సాయంత్రం చోబే నదిలో పడవ ఎక్కితే, ఏనుగుల గుంపొకటి తొండాలు పైకెత్తి సెడుడు దీవికి ఈదుకుంటూ పోతోంది. మా ఆవిడ ఫోన్ దించితే ఒట్టు.

మర్నాడు పార్కు అవతల కవింబా అనే పల్లెకి వెళ్ళాం. ముళ్ళకంపతో కట్టిన దొడ్డి, లోపల ఒక తెల్ల ఆంబోతు. నిండు మూపురం, వేలాడే గంగడోలు. చెవులు చూస్తే గిర్ జాతివి, మిగతా ఒళ్ళంతా మనదే. అది బ్రాహ్మన్ అనే పశుజాతి. మన ఒంగోలు, గిర్, గుజరాత్ కాంక్రేజ్ జాతుల్ని కలిపి అమెరికాలో తయారుచేశారు. ఎండకీ పిడుదులకీ తట్టుకుంటుందని ఆఫ్రికా ఖండం దక్షిణాన ఉన్న దేశాలకి పాకింది. మన ఒంగోలు జాతిని పెంచే చదలవాడ ఫారంలో దీని తాతల్ని పట్టుకుని టీకాలేసినవాణ్ణని చెబితే ఆ రైతు నన్ను ఎగాదిగా చూశాడు.

అక్కడి బాధ గాలికుంటు, పశువుల నోటికీ గిట్టలకీ పుళ్ళు తెచ్చే అంటురోగం. మన దగ్గర దాని వైరస్‌లో ఓ, ఏ, ఆసియా-1 రకాలు. అక్కడ శాట్ అని పిలిచే ఆఫ్రికా రకాలు. వాటిని ఏ జబ్బూ లేనట్టు మోసుకు తిరిగేవి అడవి దున్నలు. గొడ్డుమాంసం యూరప్‌కి అమ్ముకోవాలంటే దున్నల్నీ ఆవుల్నీ కలవనీయకూడదు. అందుకే దేశానికి అడ్డంగా 1950ల నుంచి కంచెలు వేసుకుంటూ వచ్చారు. తిరుగు ప్రయాణంలో ఆ కంచెకున్న డిబెటే గేటు దగ్గర మమ్మల్ని దింపి, రోగం మోసుకుపోకుండా చెప్పులతో సహా చాకలి సోడా నీళ్ళలో తడిపిన గోనె తొక్కించారు, పచ్చి మాంసం ఉందా అని డిక్కీ వెతికారు. వృత్తిపరంగా నాకు ముచ్చటేసింది. కానీ ఆ కంచెలకి అడ్డంపడి, 1980ల కరువులో నీళ్ళకి పోలేక జింక జాతికి చెందిన వైల్డ్‌బీస్ట్‌లు వేలకి వేలు చచ్చిపోయాయి. ముచ్చట దగ్గర ఆగిపోవడం కష్టమే.

దున్నల కంటే ఆ రైతుకి ఏనుగుల మీదే కోపం. 2022 లెక్కలో ఆ దేశంలో 1,30,000 దాకా తేలాయి. జొన్న కంకి పట్టే వేళకి రాత్రుళ్ళు చేలో దిగుతాయి. వేటగాళ్ళు గుర్తుగా తెచ్చుకునే ఏనుగు దంతాలూ తలలూ దిగుమతి కట్టడి చేస్తామని జర్మనీ అంటే, 2024లో అప్పటి బోట్స్వానా అధ్యక్షుడు మసిసి 20,000 ఏనుగుల్ని మీకే పంపిస్తానన్నాడు. మనకి జోకు, ఆ రైతుకి కాదు. మా మార్కాపురం వైపు అడవి పందుల కోసం పాత చీరలు కట్టి కాపలా పడుకునే రైతుకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

కవింబా రైతు ఆయుధం మిరపకాయ. ఎండిన ఏనుగు పేడలో దంచిన మిరప కలిపి పిడకలు చేసి, గాలివాటం చూసి చేను గట్టున రాజేస్తాడు. ఆ పొగ ఏనుగులకి పడదు. తాళ్ళకి గుడ్డలు కట్టి, కారం కలిపిన పాత ఇంజన్ ఆయిల్ కూడా పూస్తాడట. పిడక విరిచి చూపించాడు. పీచు మధ్యలో ఎర్రటి గింజలు.

మా ఆవిడ సంచిలోంచి గొడ్డుకారం పొట్లం తీసింది. కూరలో వేసుకోమని వాళ్ళావిడకిచ్చింది. రైతు చిటికెడు నాలిక మీద వేసుకుని, కళ్ళనీళ్ళు తుడుచుకుని, పొట్లం చేతిలోంచి లాక్కుని పిడకల గంప పక్కన పెట్టేశాడు.