టోల్‌గేట్ కాడ ఆగంగనే వేడిగాలి: మా పాత కారు ఏసీ రిపేర్, నా అనుభవం

పాత కారుండి, రోడ్డు మీద ఉరుకుతున్నంతసేపు ఏసీ చల్లగ వచ్చి, బండి ఆగంగనే వేడిగాలి కొడుతుంటే గ్యాస్ పోయించుకునే ముందు జర ఇది చదవండి. నిన్ననే నాది ఒడిసింది, కోపం ఇంక తగ్గలే, అందుకే పొడుగైతది, ఏమనుకోకండి.

మాది నల్లగొండ. బండి 2010 మోడల్ పెట్రోల్, సెకండ్ హ్యాండ్‌ల కొన్న, ఇంజన్‌కు ఇప్పటికీ వంక పెట్టేది లేదు. అమ్మకు షుగర్, బీపీ, నెలనెలా హైదరాబాద్‌ల డాక్టర్‌కు చూపెట్టాలె. నార్కట్‌పల్లి కాడ హైవే ఎక్కినంక ఏసీ మస్తుగ ఉంటది, చిట్యాల దాటేదాక ఏం ఫికర్ లేదు. పంతంగి టోల్‌గేట్ కాడ లైన్ల నిలబడినమా, ముందు చల్లదనం తగ్గుతది, ఇంకో రెండు నిమిషాలకు పొయ్యి ముందు కూసున్నట్టే. ఫాస్టాగ్ వచ్చినంక ఆగుడు తక్కువైంది గని పండుగలకు, ఆదివారాలకు లైన్ తప్పదు కదా. టోల్ దాటి స్పీడ్ అందుకోంగనే మళ్ళ చల్లగైతది. ఎల్బీ నగర్ ట్రాఫిక్‌ల ఆగితే మళ్ళ అదే లొల్లి. మే నెల నల్లగొండ ఎండ సంగతి మీకు చెప్పాల్నా, అమ్మ కొంగుతోని చెమట తుడుసుకుంట "ఆ మిషిన్ బంద్ పెట్టి అద్దాలు దింపు బిడ్డా" అనవట్టె.

మా ఊర్ల ఒకాయనకు చూపెడితే గ్యాస్ తక్కువున్నదన్నడు, పోసిండు, 1,800 తీసుకున్నడు. తేడా ఏం లేదు. ఇంకో ఆయన గూడ గ్యాసే అన్నడు, ఆయనా పోసిండు. నేను ఇద్దరికీ చెప్పిన, "అన్నా, నడుస్తుంటే చల్లగుంటది, ఆగితేనే పోతది" అని. చెవిన పెట్టలే. బానెట్ లేపుడు, పైపు తగిలిచ్చుడు, సిలిండర్ తిప్పుడు. ఏసీ గ్యాస్ అంటే పెట్రోల్ అనుకుంటున్నరో ఏమో, తిరిగినకొద్ది అయిపోయేటందుకు! అది సీలు చేసిన పైపులల్లనే తిరుగుతుంటది. పాత రబ్బరు పైపుల నుంచి ఏండ్ల మీద కొంచెం కొంచెం తగ్గుడు వేరే సంగతి. పోసిన నెలకే తగ్గిందంటే యాడనో లీకున్నట్టు, ఆ లీకు పట్టకుండ మళ్ళ పోస్తనన్నోని దగ్గర్నుంచి బండి తీసుకొని వచ్చేయండి.

ఇగ అసలు కథ. మా బామ్మర్ది "గీ చిన్న చిన్న షాపులు కాదు బావా, హైదరాబాద్‌ల పెద్ద వర్క్‌షాప్‌ల చూపెట్టు, వాళ్ళ దగ్గర మిషిన్లుంటయ్" అన్నడు. పేరు చెప్ప. అమ్మకు డాక్టర్ దగ్గర పని అయినంక అటునుంచి అటే పోయినం. లోపల అద్దాల రూము, సోఫాలు, కాఫీ మిషిను, ఏసీ ఎంత చల్లగున్నదంటే అమ్మ కొంగు మీద కప్పుకున్నది. మెడల ట్యాగు, చేతిల ట్యాబ్ పట్టుకొని ఒక పిలగాడొచ్చి ప్రాబ్లమ్ ఏంది సార్ అన్నడు. పూసగుచ్చినట్టు చెప్పిన, యాడ చల్లగుంటది, యాడ పోతది, ఎంతసేపటికి పోతది అంత. ఆయన ఒకటే ముక్క నొక్కిండు, ఏసీ నాట్ కూలింగ్. "అట్ల కాదు బాబూ, ఆగినప్పుడు మాత్రమే" అన్న. "అదే సార్, నాట్ కూలింగ్" అన్నడు. ఆ ట్యాబ్‌ల ఆగినప్పుడు అనే గడి లేదు, గడి లేని రోగం వాళ్ళ లెక్కల రోగమే కాదు.

బండి లోపలికి తీసుకపోయిండ్రు. నేను అద్దంల నుంచి చూస్తనే ఉన్న. షెడ్డుల పనోళ్ళకు ఉక్కపోయకుండ ఇంత పెద్ద స్టాండ్ ఫ్యాన్ పెట్టిండ్రు, అది సక్కగ మా బండి ముందు జాలీ మీదికే కొడుతున్నది. అట్ల పెట్టి ఏసీ చూస్తే చల్లగ రాక ఏమొస్తది! నేను బయటికొచ్చి "ఆ ఫ్యాన్ బంద్ పెట్టి, లేకుంటే బండిని ఎండల నిలబెట్టి చూడండి" అన్న. "సార్, కస్టమర్లకు లోపలికి పర్మిషన్ లేదు" అని ఒకాయన నన్ను మళ్ళ రూముల కూసోబెట్టిండు, చిన్న పిలగాన్ని క్లాసుల కూసోబెట్టినట్టు.

చాలాసేపటికి ఎస్టిమేట్ వచ్చింది. కంప్రెసర్ (గ్యాస్‌ను నొక్కేది), కండెన్సర్ (గ్యాస్ వేడిని బయటికి వదిలేది), ఎక్స్‌పాన్షన్ వాల్వ్, డ్రయ్యర్, గ్యాస్, లేబర్ అంత కలిపి 46 వేలు దాటింది. కంప్రెసర్ పోయిందని ఎట్ల తెలిసింది బాబూ, గ్యాస్ ఒత్తిడి కొలిచే గేజ్‌ల రీడింగ్ ఎంతొచ్చింది, రాసియ్యండి అన్న. "అవన్ని టెక్నికల్ సార్, మీకు అర్థం కావు" అన్నడు. నేను హైస్కూల్‌ల ఫిజికల్ సైన్స్ చెప్తా. ఒత్తిడి, మరిగే ఉష్ణోగ్రత, గుప్తోష్ణం, ఎన్ని బ్యాచులకు చెప్పిన్నో నాకే గుర్తులేదు, నా దగ్గర చదివినోళ్ళు ఇంజనీర్లయిండ్రు. నాకు అర్థం కాదట. అక్కడితోని ఊకుంటే బాగుండు, పక్కన ఇంకో కస్టమర్ నిలబడి ఉండంగనే "ఈ బండి అమ్మితే ఎంతొస్తది సార్, లక్షన్నర? దీనికి యాభై వేలు పెట్టుడు వేస్ట్, ఎక్స్‌చేంజ్ డెస్క్ పక్కనే ఉంది" అన్నడు. ఆ పక్కాయన మూతి బిగబట్టి నవ్వుడు నాకు కనిపిస్తనే ఉన్నది. అమ్మకు సరిగ వినబడక "ఏమంటున్నడు బిడ్డా" అంటే ఆయనే వంగి, గట్టిగ, "బండికి వయసైపోయిందమ్మా, మనుషులకైనట్టే" అన్నడు. డెబ్బై దాటిన మనిషితోని అనే మాటేనా అది? అమ్మ ఏమనలే, చెప్పులేసుకొని లేచింది. నాకు మాత్రం ఆ సోఫా మీదనే పానం పోయినట్టయింది.

వస్తుంటే కౌంటర్ల ఇంకో కాయితం పెట్టిండ్రు, ఇన్‌స్పెక్షన్ చార్జి వెయ్యి, జీఎస్టీ 18 శాతం, మొత్తం 1,180. ఏం ఇన్‌స్పెక్షన్ చేసిండ్రంటే స్టాండ్ ఫ్యాన్ ముందు పెట్టి చూసిండ్రు. కట్టి వచ్చిన. దారిపొడుగునా ఏసీ బంద్ పెట్టి అద్దాలు దింపుకొనే వచ్చినం, నేనూ అమ్మా మాట్లాడుకోలే.

మరునాడు స్టాఫ్‌రూముల ఈ సంగతి చెప్తే లెక్కల సారు దేవరకొండ రోడ్డు దిక్కు ఒక ముసలి ఎలక్ట్రీషియన్ ఉన్నడు, పోయి చూడండన్నడు. రేకుల షెడ్డు, ముందట పాత బ్యాటరీలు కుప్ప. అందరు చాచా అంటరు. ఆయన బానెట్ లేపకముందే అడిగింది ఒకటే, "మాస్టరూ, ఎప్పుడు చల్లగుంటది, ఎప్పుడుండది?" ఈ ప్రశ్న కోసమే కదా నేను ఇన్నిదినాలు తిరిగింది. చెప్పిన. తలకాయ ఊపి బండిని ఎండలనే నిలబెట్టించి, ఇంజన్, ఏసీ చాలు చేయించి, గేజ్ తగిలిచ్చిండు. నీలం ముల్లు గ్యాస్ తిరిగొచ్చే దిక్కు ఒత్తిడి, ఎర్ర ముల్లు కంప్రెసర్ తోసే దిక్కు ఒత్తిడి. ఎర్ర ముల్లు ఎక్కుతనే ఉన్నది, 350 పీఎస్ఐ దాటింది, లోపల గాలి వేడెక్కింది. అప్పుడు చాచా బకెట్ల నుంచి మగ్గుతోని నీళ్ళు తీసి ముందు జాలీల నుంచి కండెన్సర్ మీద చల్లిండు. ఎర్ర ముల్లు జర్రున కిందికి దిగింది, లోపల కూసున్న నా మొఖానికి చల్లగాలి కొట్టింది! నీళ్ళు ఆరినంక మళ్ళ ముల్లు లేచింది. ఇంక వేరే టెస్టు ఎందుకు.

సంగతేందంటే, కార్ల ఏసీల వాడే ఆర్ 134ఏ గ్యాస్ మామూలు గాలి ఒత్తిడిల మైనస్ 26 డిగ్రీలకే మరుగుతది. కంప్రెసర్ దాన్ని నొక్కితే ఒత్తిడి, వేడి రెండూ పెరుగుతయ్. బయట 44 డిగ్రీలుంటే గ్యాస్ అంతకన్న బాగ వేడి మీద ఉంటెనే కండెన్సర్‌ల వేడి బయటికి పోయి గ్యాస్ ద్రవమైతది. ఆ వేడి పోవాలంటే కండెన్సర్ మీద గాలి ఆడాలె. బండి ఉరికితే ఎదురుగాలి ఆ పని చేస్తది, ఆగితే ఫ్యాన్ చెయ్యాలె. ఫ్యాన్ తిరగకపోతే ఒత్తిడి పెరుగుతది, మరీ పెరిగితే ప్రెషర్ స్విచ్ కంప్రెసర్‌ను బంద్ పెడతది. దాంట్ల మళ్ళ గ్యాస్ ఎక్కువ పోస్తే ఒత్తిడి ఇంకింత పెరుగుతది. అంటే మా ఊరోళ్ళిద్దరు పైసలు తీసుకొని రోగాన్ని ముదరబెట్టిండ్రు.

మా బండికి రేడియేటర్ ఫ్యాన్ వేరే, కండెన్సర్ ఫ్యాన్ వేరే, పక్కపక్కనే ఉంటయ్. ఒకటి తిరుగుతుంటే ఆ చప్పుడుకు రెండూ తిరుగుతున్నయనే అనుకుంటరు. చాచా సన్న కర్రతోని నిలబడ్డ ఫ్యాన్ రెక్కను జర నెట్టిండు, గిర్రున అందుకున్నది. (మీరు వేలు పెట్టకండి, వేలు పోతది.) పొద్దున సల్లపూట తిరిగేది, వేడెక్కినంక మొండికేసేది, అందుకే ఎవ్వరికీ దొరకలే. మోటరు విప్పి చూపెట్టిండు, కార్బన్లు (తిరిగే మోటరుకు కరెంటు అందించే ముక్కలు) అరిగి గోరంత మిగిలినయ్, స్ప్రింగు ఇంక నొక్కుతలేదు. కొత్త కార్బన్లు వేసి టంకం పెట్టి, ఆ కార్బన్లు రాసుకునే నల్లబడ్డ రాగి రింగును ఎమరీ పేపర్‌తోని రుద్ది బిగిచ్చిండు. 400 రూపాయలు. కండెన్సర్ సందులల్ల ఇరికిన మట్టిని, ఈగలను నీళ్ళతోని మెల్లగ కడిగిండు, ప్రెషర్ పైపు పెడితే రేకులు వంగుతయట.

ఎక్కువైన గ్యాస్ సంగతి ఆయనే తన దోస్తు దగ్గరికి పంపి చేయించిండు. ఉన్న గ్యాస్ మిషిన్‌లకు గుంజి, పైపులల్ల గాలి, తేమ పోయేటట్టు అరగంట వ్యాక్యూమ్ పెట్టి, బానెట్ కింద స్టిక్కర్ మీద రాసున్న 450 గ్రాములు తూకం వేసి ఎక్కించిండు. మీ బండి స్టిక్కర్ మీద ఎంతున్నదో చూసుకోండి, తూకం లేకుండ అందాజతోని పోసేటోని దగ్గర పోయించుకోకండి. ఉన్న గ్యాస్‌ను ఉత్తగ గాలికి వదిలేటోళ్ళూ ఉన్నరు, ఆ గ్యాస్ ఒక్క కిలో గాలిల కలిస్తే 1,430 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తోని సమానమని లెక్కగట్టిండ్రు, మనమే వదిలి మనమే ఎండలు ముదిరినయంటం.

ఇయ్యాల పొద్దున పక్కింటి పిలగాన్ని ఎక్కించుకొని గడియారం సెంటర్ చుట్టూ ట్రాఫిక్‌ల కావాలనే తిప్పిన, ఎండల ఇంజన్ చాలు పెట్టి నిలబెట్టిన, చల్లదనం తగ్గలే. 46 వేల ఎస్టిమేట్‌ల పోయిందన్న కంప్రెసర్ అదే పాతది. చాచా మాత్రం "ఈ మోటరు ఇంకో ఎండకాలం గ్యారంటీ లేదు మాస్టరూ, కొత్తది దొరికితే తెచ్చి పెట్టుకో" అన్నడు, రెండు వేల దాక ఉంటదట, వెతుకుతున్న. బ్లోయర్ ఒకటో నంబరు, రెండో నంబరు మీద తిరుగుతలేదు, ఫుల్ పెడితేనే తిరుగుతది, అది బ్లోయర్ స్పీడు తగ్గించే రెసిస్టర్ పోయిందట. వానలు పడ్డంక చూస్తా.