బి.డి. చివరి ఏడాదిలో ఎలక్టివ్స్ ఎంచుకున్న నా అనుభవం

బి.డి. అంటే బ్యాచిలర్ ఆఫ్ డివినిటీ, పాస్టర్ కాబోయేవాళ్లు చదివే డిగ్రీ. చివరి ఏడాదికి వచ్చేసరికి తప్పనిసరి పేపర్లు దాదాపు అయిపోయి నాకు రెండు ఎలక్టివ్స్ మిగిలాయి. నోటీసు బోర్డు మీద పెట్టిన లిస్టులో నాకు నచ్చినవి ఐదు: గ్రీకు మూలంలో ఎఫెసీ పత్రిక (బైబిల్లో పౌలు పేరుతో ఉన్న ఒక ఉత్తరం), పాస్టోరల్ కౌన్సెలింగ్ (కష్టంలో ఉన్నవాళ్ల మాట విని పాస్టర్ తోడుండటం), తెలుగు నేల మీద క్రైస్తవ చరిత్ర, ఇస్లాం, సంఘ (అంటే చర్చి) పరిపాలన. ఐదింట్లో రెండు ఏరుకోవడానికి ఇంత ఆలోచనా అంటారేమో గానీ, ఫారాలు ఇవ్వాల్సిన వారమంతా హాస్టల్లో ఇదే గోల, చదవనివాడు కూడా సలహా ఇచ్చేవాడే.

మాది సెరంపూర్ కాలేజీ సెనేట్ కింద నడిచే సెమినరీ, అంటే పాస్టర్లను తయారుచేసే కాలేజీ. ఆ సెరంపూర్ కాలేజీ బెంగాల్లో 1818లో కేరీ, మార్ష్‌మన్, వార్డ్ అనే మిషనరీలు పెట్టింది, డిగ్రీలిచ్చే అధికారం 1827లో డెన్మార్క్ రాజు రాసిచ్చిన చార్టర్‌తో వచ్చింది. (ఈ సంగతి మా ఊళ్లో చెబితే సంఘపెద్ద ఒకాయన నా సర్టిఫికెట్ డెన్మార్క్ నుంచి పోస్టులో వస్తుందనుకున్నారు, ఇప్పటికీ అదే అందరికీ చెబుతున్నారు.) ఇక్కడ కొన్ని పేపర్లు సెనేట్ వాళ్లు దిద్దిస్తారు, కొన్ని కాలేజీలోనే దిద్దుతారు. కాబట్టి సీనియర్లు చెప్పే మొదటి ముక్క ఏంటంటే, మన సార్లు దిద్దేవే తీసుకో బ్రదర్, మార్కులు పడతాయి అని. ఎం.టిహెచ్. (బి.డి. తర్వాతి పై డిగ్రీ) ఆలోచన ఉన్నవాడు మార్కుల్ని తీసిపారేయలేడు, నిజమే. కానీ మార్కుల లెక్కతో ఐదూ దాదాపు సమానంగానే తేలాయి, అందుకని ఆ సలహా నాకు పెద్దగా ఉపయోగపడలేదు.

ఊరి నుంచి ఇంకో ఒత్తిడి. మా బాప్టిస్టు సంఘంలో పెద్దలందరిదీ ఒకే మాట: "ప్రసంగం ఎలాగూ చెబుతావయ్యా, లెక్కలూ రిజిస్టర్లూ నేర్చుకుని రా." వాళ్లు అన్నదాంట్లో తప్పేం లేదు. 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం కింద లైసెన్సు లేకుండా పెళ్లి జరిపిస్తే పాస్టర్ చిక్కుల్లో పడతాడు, పెళ్లి రిజిస్టరు సరిగ్గా రాయకపోతే ఎప్పుడో పదేళ్ల తర్వాత వీసా కోసమో పెన్షన్ కోసమో ఎవరో ఒకరు కాగితం పట్టుకుని వస్తారు. అయితే ఈ పని మేం ఫీల్డ్ వర్క్‌కి వెళ్లే సంఘంలో పాస్టర్ అయ్యగారి పక్కన కూర్చుంటే వస్తుంది. ఆయన దగ్గర పాత రిజిస్టర్లు బీరువా నిండా ఉన్నాయి, ఆదివారం ఆరాధన అయ్యాక అడిగితే విసుక్కోకుండా చూపిస్తారు. దాని కోసం ఒక ఎలక్టివ్ ఎందుకు ఖర్చుపెట్టాలి?

అక్కడి నుంచి నా లెక్క మారింది. ఏ సబ్జెక్టు ఇష్టం అని కాకుండా, ఇక్కడి నుంచి వెళ్లిపోయాక ఒంటరిగా ఏది నేర్చుకోలేను అని చూసుకోవడం మొదలుపెట్టాను.

అలా చూస్తే కష్టమైంది చరిత్రే, ఎందుకంటే నాకు అన్నిటికన్నా ఇష్టం అది. మా వాళ్లది ఒంగోలు వైపు. 1876-78 కరువులో మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల పని కాంట్రాక్టుకు తీసుకుని జనానికి కూలి ఇప్పించారు, తిండి కోసం మతం మారారనే మాట రాకూడదని కరువు రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశారు. ఆ తర్వాత 1878 జూలై 3న వెలుంపిల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఈ అంకె మా ఇళ్లల్లో చిన్నపిల్లలకు కూడా వచ్చు. నాకు కావాల్సింది మాత్రం దాని వెనక ఊరూరా తిరిగిన మాదిగ బోధకుల కథ, ఎర్రగుంట్ల పేరయ్య లాంటివాళ్లది. క్లౌ ఒంగోలులో కాపురం పెట్టకముందే పేరయ్య తన వాళ్ల మధ్య చెప్పడం మొదలుపెట్టాడు, అయినా మన ప్రసంగాల్లో ఆయన పేరు ఎన్నిసార్లు విన్నాం? ఇదంతా చెప్పుకుంటూ పోతుంటే మా గైడ్ సార్ ఆపి ఒకే ప్రశ్న వేశారు: "నీ థీసిస్ దేని మీద?" దాని మీదే. "మరి థీసిస్ కోసం ఎలాగూ చదువుతావు కదా, మళ్లీ ఎలక్టివ్ ఎందుకు?" ఈ ఒక్క ముక్కతో సగం తలనొప్పి పోయింది. థీసిస్ రాసేవాళ్లెవరైనా ముందు ఈ లెక్క వేసుకోండి.

అలా గ్రీకు లోపలికొచ్చింది. మొదట్లో గ్రామర్ చదివాం, లూఓ అనే గ్రీకు క్రియ రూపాలు బాత్రూంలో కూడా వల్లెవేశాం, కానీ రెండేళ్లు ముట్టుకోకపోతే అంతా ఆవిరే. ఎఫెసీ మొదటి అధ్యాయం 3వ వచనం నుంచి 14 దాకా గ్రీకులో ఒకే వాక్యం. ఏ మాట దేనికి తగులుకుందో పక్కన సార్ లేకపోతే నా వల్ల కాదు.

రెండోది కౌన్సెలింగ్. దీన్ని చాలామంది తేలిక సబ్జెక్టు అంటారు, వాళ్లు వెర్బేటిమ్ రాసి ఉండరు. ఆసుపత్రిలో రోగి దగ్గర కూర్చుని మాట్లాడి, బయటికొచ్చాక గుర్తున్నంతవరకు ఆయనేమన్నాడు, మనమేమన్నాం, మధ్యలో ఎక్కడ మౌనంగా ఉన్నాం, అంతా నాటకంలా రాసి, పేర్లు తీసేసి, క్లాసులో అందరి ముందూ చదవాలి. ఈ శిక్షణకు మూలపురుషుల్లో ఒకరైన ఆంటన్ బోయిసెన్ స్వయంగా మానసిక ఆసుపత్రిలో రోగిగా ఉండి వచ్చినవాడు. 1925లో అమెరికాలో ఓ మానసిక ఆసుపత్రిలోనే సెమినరీ విద్యార్థులకు నేర్పడం మొదలుపెట్టాడు. మా బ్యాచ్‌లో ఒక బ్రదర్ చదివిన కాగితంలో పెద్దాయన "నిద్ర పట్టడం లేదయ్యా" అంటాడు, వెంటనే మనవాడు 121వ కీర్తన అందుకుంటాడు, ఇశ్రాయేలును కాపాడువాడు కునుకడు నిద్రపోడు అని. క్లాసంతా నవ్వింది. సార్ నవ్వకుండా, "ఎందుకు పట్టడం లేదో అడిగావా?" అన్నారు. అతను మళ్లీ వెళ్లి అడిగితే, ఆపరేషన్ కోసం కూతురు చేసిన అప్పు గురించి ఆ పెద్దాయన చాలాసేపు చెప్పాడట. ఇది పుస్తకం కొనుక్కుని చదివితే వచ్చేది కాదు, మన కాగితాన్ని పదిమంది చదివి మొహమాటం లేకుండా మాట్లాడాలి.

ఎంచుకోవడం అయ్యాక ఆఫీసు పని. తగినంతమంది చేరకపోతే ఆ ఎలక్టివ్ నడవదు. గ్రీకుకు ఎప్పుడూ ఈ గండం ఉంటుంది, అందుకని ఫారం ఇచ్చి ఊరుకోకుండా రూములన్నీ తిరిగి మనుషుల్ని పోగుచేశాను, ఒకడికైతే నోట్సు ఇస్తానని మాటిచ్చి మరీ చేర్పించాను. టైంటేబుల్ వచ్చాక చూస్తే రెండు క్లాసులూ ఒకే గంటలో పడ్డాయి! రిజిస్ట్రార్ ఆఫీసులో అడిగితే ఏదో ఒకటి మార్చుకోమన్నారు. ఆ టెన్షన్‌లో మేం చేసిన మంచి పని ఏంటంటే, గొడవ పడకుండా ముందు ఇద్దరు సార్లతో మాట్లాడి, ఖాళీగా ఉన్న మధ్యాహ్నం గంట చూపించి, అందరి సంతకాలతో అర్జీ ఇచ్చాం. గ్రీకు క్లాసు భోజనం తర్వాతకు మారింది. తిన్న వెంటనే గ్రీకు వ్యాకరణం, మీరే ఊహించుకోండి.

ఇస్లాం పేపర్ మీద ఇష్టం మాత్రం చావలేదు. హైదరాబాదులో ఉండి అది చదవకపోవడం ఏంటని అనిపించి, మార్కుల్లేకుండా కూర్చుంటానని ఆ సార్‌ని అడిగాను, సరేనన్నారు, వీలైనప్పుడల్లా వెళ్తున్నాను. ఎం.టిహెచ్. సంగతి రెండేళ్లు సంఘంలో పనిచేశాక చూద్దామనుకుంటున్నాను. ఎఫెసీ నోట్సు మాత్రం దాచి ఉంచుతున్నాను, ఎవరికైనా కావాలంటే అడగండి, చేతిరాత ఓపిగ్గా చదువుకోవాలి.