డక్టు మీద చెక్క

అపార్ట్‌మెంట్ సైట్లలో సేఫ్టీ చూసే ఉద్యోగం నాది. కొత్త సైటుకు వెళ్లగానే అందరి తలల వైపు కాకుండా నేల వైపు చూస్తాను. స్లాబు మీద ఎక్కడైనా ప్లైవుడ్ చెక్క పరిచి ఉంటే పక్కన నిలబడి కర్రతో నెట్టి చూస్తాను. అది కదిలిందంటే ఆ సైటు సంగతి నాకు సగం తెలిసిపోయినట్టే.

పైపులు దింపడానికి స్లాబులో వదిలే ఖాళీని డక్టు అంటాం. వదులుగా చెక్క కప్పిన డక్టు కన్నా తెరిచి ఉన్న డక్టే నయమంటే కుర్ర ఇంజనీర్లు నవ్వుతారు. తెరిచి ఉంటే మనిషి చూసి తప్పుకుంటాడు. చెక్క ఉంటే నమ్మి కాలు పెడతాడు. ఇంతకన్నా దారుణం ఇంకొకటుంది. సెంట్రింగ్ పనివాడికి, అంటే కాంక్రీటు పోయడానికి చెక్కల అచ్చు కట్టేవాడికి, ఒక షీటు కావలసి వస్తుంది. నేల మీద పడి ఉన్నది కనబడుతుంది. వంగి, అంచు పట్టుకుని, తన ముందు నిలువుగా ఎత్తుకుంటాడు. ఇక ఎదురుగా షీటు తప్ప ఏమీ కనబడదు. ఒక్క అడుగు ముందుకు వేస్తే ఆ షీటు అంతసేపూ కప్పి ఉంచిన ఖాళీలోనే కాలు పడుతుంది.

మూడు మీటర్లు, అంటే ఒక్క అంతస్తు పడడానికి ముప్పావు సెకను చాలు. నేల తాకేసరికి గంటకు దాదాపు 28 కిలోమీటర్ల వేగం. ముప్ఫై మీటర్ల లిఫ్టు షాఫ్టులో అయితే రెండున్నర సెకన్లు, 87 కిలోమీటర్లు. అక్కడ హెల్మెట్ చేసేదేముంది? అయినా తనిఖీకి వచ్చే పెద్దలు గేటు దగ్గర లెక్కపెట్టేది హెల్మెట్లనే. ఫొటోలో బాగా పడేవి అవే మరి.

అసలు చిక్కు చెక్క నాణ్యతలో లేదు. ఆ ఖాళీ ఎవరిదో ఎవరికీ తెలియదు. స్లాబు పోసేది ఒక కాంట్రాక్టరు, పైపులు దింపేది మరొకరు, లిఫ్టు బిగించేది ఇంకొకరు. మొదటివాడు స్లాబు అప్పగించి పై అంతస్తుకు వెళ్లిపోతాడు. ప్లంబర్ వచ్చి చెక్క తీస్తాడు, చీకటి పడితే పని సగంలో ఆపి దిగిపోతాడు. మర్నాడు గదులు ఊడ్చేవాళ్లకు చెత్త కిందికి తోయడానికి అదే దారి. ఎవరు తీశారని అడిగితే అందరిదీ ఒకటే జవాబు: "నేను కాదు సార్, నేనొచ్చేసరికే తీసి ఉంది."

అందుకే నా సైట్లలో ప్రతి డక్టుకూ ఒక నంబరు వేయిస్తాను. చెక్క తీసేవాడు పుస్తకంలో సంతకం పెట్టాలి, చుట్టూ రెయిలింగ్ కట్టాలి, దిగిపోయే ముందు మళ్లీ బిగించి నాకు చూపించాలి. విసుక్కుంటారు. విసుక్కోనీ.

దీనికన్నా మంచి ఉపాయం స్లాబు పోయకముందే ఉంది. డక్టు దగ్గర స్లాబులోని ఇనుప కడ్డీలు కోయకుండా అవతలి అంచు దాకా సాగనివ్వాలి. కాంక్రీటు లేకపోయినా ఇనుప జాలీ మిగులుతుంది. చెక్క ఎవరు ఎత్తుకుపోయినా మనిషి కిందికి పోడు. ప్లంబర్ వచ్చినప్పుడు తన పైపుకు పట్టేంత మేరే కోసుకుంటాడు. మొదటిసారి చెప్పినప్పుడు కడ్డీ మేస్త్రి అడ్డం తిరిగాడు: "ఇది డ్రాయింగులో లేదు సార్, దీనికి బిల్లు ఎవరిస్తారు?" స్లాబు స్లాబుకూ తుక్కులో కలిసే ముక్కలు చూపించాను. డక్టుకు పట్టేది అందులో ఏపాటి?

జాలీ మీద చెక్క కూడా ఉండాల్సిందే, సుత్తి జారిపడినా కిందివాడి తల పగులుతుంది. చెక్కను స్లాబుకు బోల్టులతో బిగించాలి. కాంక్రీటు గట్టిపడడానికి పోసే క్యూరింగ్ నీళ్లకు, వానకు మామూలు ప్లై ఉబ్బి పొరలు పొరలుగా ఊడుతుంది. పైకి మాత్రం నిక్షేపంలా కనబడుతుంది. కాబట్టి వాన పడ్డాక అన్నీ తిరిగి చూడాలి. మూత మీద ఒకేసారి పడగల మనుషుల, సామాను బరువుకు రెట్టింపు మోయగలగాలని అమెరికా నిబంధన. మనకూ లోటేమీ లేదు, నేలలోని ఖాళీల గురించి, రెయిలింగుల గురించి ఐఎస్ 4912 అనే భారతీయ ప్రమాణం 1978 నాటికే ఉంది. ఆఫీసు బీరువాలో భద్రంగా ఉంటుంది.

లిఫ్టు గుమ్మాలకు కట్టే ఆకుపచ్చ గుడ్డ గురించి కూడా చెప్పాలి. అది దుమ్ము ఆపడానికి, మనిషిని ఆపడానికి కాదు. ఫోను మాట్లాడుతూ దానికి వీపు ఆనించిన కుర్రవాణ్ణి చొక్కా పట్టి లాగాను ఒకసారి. గుమ్మానికి గోడలోకి బిగించిన ఇనుప జాలీ తలుపు కావాలి, తాళంతో సహా.

ఆదివారాలు కొనుక్కున్న ఫ్లాటు చూసుకోవడానికి కుటుంబాలు వస్తాయి. పిల్లలు ఇది నా గది, ఇది నీ గది అంటూ పరుగులు తీస్తారు. డక్టులు ఎక్కువగా బాత్రూముల వెనక, వంటగది పక్కన ఉంటాయి. నేల మీద చెక్క కనిపిస్తే అడుగు వేయకండి, పిల్లల చెయ్యి వదలకండి. సైటువాళ్లెవరూ తోడు రాకపోతే పైకి ఎక్కకండి.