ఆసుపత్రి చేరికలు పెరిగితే జబ్బులు పెరిగినట్టేనా?

ఒక ప్రాంతంలో పదేళ్లలో ఆసుపత్రి చేరికలు రెట్టింపయ్యాయనగానే అక్కడి జనం ఆరోగ్యం పాడైందని తేల్చేస్తారు. నిజంగా జబ్బే పెరిగి ఉండొచ్చు. వైద్యం అందుబాటులోకి వచ్చి ఉండొచ్చు. లెక్కపెట్టే తీరు మారి ఉండొచ్చు. ఈ మూడింటినీ విడదీయకుండా రెండు ప్రాంతాలను పోల్చడం ప్రమాదకరం, ఎందుకంటే ఆ పోలికను బట్టే డబ్బూ డాక్టర్లూ ఎటు వెళ్లాలో నిర్ణయిస్తారు.

ముందు లెక్కించింది మనుషులనా, చేరికలనా అన్నది చూడాలి. వారానికి మూడుసార్లు డయాలసిస్‌కు వచ్చే ఒక్క రోగిని ప్రతిసారీ ఇన్‌పేషెంట్‌గా రాస్తే ఏడాదికి 156 చేరికలు! పక్క ప్రాంతం అదే డయాలసిస్‌ను ఓపీలో రాస్తుంటే పోలిక అక్కడే చెడిపోయింది. ఇంకొకటి, కేసులను ఆసుపత్రి ఉన్న చోటుకు కాకుండా రోగి నివాసానికి లెక్కకట్టాలి. లేకపోతే పెద్దాసుపత్రి ఉన్న ఊరే జబ్బుల ఊరిగా కనిపిస్తుంది. భాగించే జనాభా కూడా అదే ఏడాదిది కావాలి. వలసలతో జనం పెరుగుతున్న చోట పాత జనగణన అంకెతో భాగిస్తే రేటు ఉత్తపుణ్యానికి పెరుగుతుంది.

ఎక్కువమంది పొరబడేది వయసు దగ్గర. ఉదాహరణకు, రెండు ప్రాంతాల్లోనూ 60 ఏళ్ల లోపువారిలో వెయ్యికి 2, ఆపైవారిలో వెయ్యికి 20 మరణాలు అనుకుందాం. మొదటిచోట పెద్దవయసువారు 10 శాతం, రెండోచోట 25 శాతం. మొత్తం రేటు మొదటిచోట 3.8, రెండోచోట 6.5 వస్తుంది. ఏ వయసులోనూ తేడా లేకపోయినా రెండో ప్రాంతం అన్యాయంగా వెనకబడినట్టు తేలుతుంది. అందుకే ఒక్కో వయోవర్గం రేటును ఒకే ప్రామాణిక జనాభాకు (పోలిక కోసం ముందే ఖరారు చేసుకున్న వయసుల పంపిణీకి) వర్తింపజేసి కలపాలి. ఏళ్లు మారినా ఆ ప్రామాణిక జనాభాను మాత్రం మార్చకూడదు.

గ్రాఫ్ ఒక్క ఏడాదిలో నిటారుగా దిగితే సంతోషించే ముందు కోడింగ్ నిబంధనలు, అంటే జబ్బులకూ మరణకారణాలకూ కోడ్‌లు కేటాయించే నిబంధనలు చూడండి. అమెరికాలో 1999లో మరణాల నమోదు ఐసీడీ-10కు (జబ్బుల అంతర్జాతీయ వర్గీకరణ పదో కూర్పుకు) మారినప్పుడు న్యుమోనియా మరణాలు దాదాపు 30 శాతం తగ్గినట్టు కనిపించాయి. న్యుమోనియాకు దారితీసిన అసలు జబ్బునే మరణకారణంగా తీసుకోవాలన్న నిబంధన విస్తృతం కావడమే అందుకు ముఖ్య కారణం. ఇలాంటిచోట ఒకే ఏడాది మరణాలను రెండు పద్ధతుల్లోనూ కోడ్ చేసి, వచ్చిన నిష్పత్తితో పాత అంకెలను సవరించాలి.

వెతికేకొద్దీ దొరికే జబ్బులూ ఉన్నాయి. దక్షిణ కొరియాలో 1999 తర్వాత కేన్సర్ స్క్రీనింగ్ (లక్షణాలు లేనివారికీ చేసే పరీక్షలు) విస్తరించింది. దానికి తోడుగా చాలామంది థైరాయిడ్ అల్ట్రాసౌండ్ చేయించుకున్నారు. 2011కల్లా థైరాయిడ్ కేన్సర్ నిర్ధారణ రేటు 1993తో పోలిస్తే 15 రెట్లయింది. దాని మరణాల రేటు మాత్రం కదల్లేదు. ఆ అంకెల వెనక గ్రంథి తీయించుకుని జీవితాంతం మాత్ర వేసుకోవాల్సి వచ్చిన మనుషులున్నారు. అందుకే నిర్ధారణల గీత పక్కనే మరణాల గీత కూడా వేయాల్సిందే.

చిన్న ప్రాంతాలైతే ఒక్క ఏడాది అంకెను అసలు నమ్మొద్దు. 16 మరణాలు నమోదైతే, యాదృచ్ఛికంగానే అటూఇటూ 8 దాకా (వర్గమూలానికి సుమారు రెట్టింపు) తేడా రావచ్చు. మూడు లేదా అయిదేళ్లవి కలిపి చూడాలి.