దిగుడు బావుల డిజిటల్ నమూనాలు: చూడని చోటును ఖాళీగా వదలడం

ఆరుబయట ఉన్న ఒక రాతి కట్టడాన్ని ఫొటోల సాయంతో, లేజర్ స్కానర్ సాయంతో కంప్యూటర్‌లో అచ్చంగా అలాగే కనిపించే త్రీడీ నమూనాగా మార్చడం ఇప్పుడు తేలికైన పనేనని చాలామంది అంటారు. చూడటానికి బాగున్న నమూనా చాలనుకుంటే ఆ మాట నిజమే. రేపు ఆ కట్టడం లేకుండా పోయినప్పుడు దాని బదులు నిలబడగలిగిన నమూనా కావాలంటే మాత్రం పని మరోలా ఉంటుంది. నెల్లూరు జిల్లా ఉదయగిరి, వింజమూరు ప్రాంతాల పొలాల్లో మిగిలిన పాత దిగుడు బావులను కొంతకాలంగా నేను ఈ పద్ధతిలో నమోదు చేస్తున్నాను. శ్రీకృష్ణదేవరాయలు గజపతుల నుంచి గెలుచుకున్న ఉదయగిరి దుర్గం గురించి రాసినవారు ఎందరో ఉన్నారు. ఆ కొండ దిగువన పైర్లకు నీరందించిన బావుల గురించి రాసినవారు అరుదు. బోర్లు వచ్చాక వాటితో అవసరం తీరిపోయింది. కొన్ని చెత్తతో పూడుతున్నాయి, కొన్నింటిని సర్కారు తుమ్మ కమ్మేసింది, మరికొన్నింటి రాళ్లు ఇళ్ల పునాదుల్లోకి చేరాయి.

ఫొటోలతో కొలిచే ఈ విద్య కొత్తది కాదు. 1858లో జర్మనీలోని వెట్స్‌లార్ చర్చి గోడలను కొలుస్తూ పైనుంచి పడిపోబోయి బతికి బయటపడిన అల్బ్రెక్ట్ మైడెన్‌బావర్ అనే వాస్తుశిల్పి, మనిషి ఎక్కి కొలిచే బదులు ఫొటోల మీదే కొలవవచ్చునన్న ఆలోచనను పట్టుకుని దానికి జీవితమంతా వెచ్చించాడు. సూత్రం నేటికీ అదే. ఒకే రాతిని వేర్వేరు చోట్ల నుంచి తీసిన ఫొటోల్లో సాఫ్ట్‌వేర్ పోల్చి గుర్తుపట్టి, ప్రతి ఫొటోనూ కెమెరా ఎక్కడ నుంచి ఏ కోణంలో తీసిందో లెక్కగట్టి, ఆ చూపులు కలిసే చోట ఆ రాయి ఉందని తేలుస్తుంది. అందుకే ఒక ఫొటోలో కనిపించిన దానిలో మూడింట రెండు వంతులకు తక్కువ కాకుండా పక్క ఫొటోలోనూ కనిపించేలా తీసుకుంటూ పోవాలి. అయితే ఫొటోలు ఎన్ని తీసినా, అవి పొలంలోని బావివో, బల్ల మీద పెట్టిన దాని బొమ్మవో వాటంతట అవి చెప్పలేవు. పొడవు ముందే తెలిసిన పట్టీని మెట్ల మీద ఉంచి, దాన్ని కూడా ఫొటోల్లోకి తీసుకున్నప్పుడే నమూనాకు కొలత వస్తుంది.

ఇక్కడ లేజర్ స్కానర్ అండగా నిలుస్తుంది. అది తాను పంపిన కాంతి తిరిగి రావడాన్ని బట్టి దూరాన్ని నేరుగా కొలుస్తుంది కనుక బావి వెడల్పు, లోతు, గోడల వాలు వంటి పెద్ద కొలతలను దానికే అప్పగిస్తాను. రాతి రంగు, ఉలి గాట్లు, నాచు మరకల వంటి పై వివరాలకు ఫొటోలే మేలు. 24 మెగాపిక్సెళ్ల ఫుల్ ఫ్రేమ్ కెమెరాకు 24 మిల్లీమీటర్ల లెన్సు తగిలించి 4 మీటర్ల దూరం నుంచి తీస్తే, ఒక్కో పిక్సెల్‌లో రాతి మీది సుమారు 1 మిల్లీమీటరు మేర పడుతుంది. వింజమూరు వైపు ఒక బావి ఒరరాతి మీద చేంతాడు ఒరిసి ఒరిసి పడిన గాళ్లు ఉన్నాయి. నమూనాలో రంగు తీసేసి ఆకారాన్ని మాత్రమే చూసినప్పుడు ఆ గాళ్లన్నీ ఒకే పక్కకు వాలి ఉన్నట్లు స్పష్టంగా తెలిసింది. నీళ్లు తోడినవాళ్లు ఎప్పుడూ ఒకే వైపు నిలబడి లాగేవారన్నమాట. మామూలు ఫొటోలో ఆ వాలు కంటికి ఆనలేదు.

మన ప్రాంతంలో ఈ పనికి అసలు పరీక్ష ఎండే. రోహిణి కార్తెలో మధ్యాహ్నం తీసిన ఫొటోల్లో సగం మెట్లు తెల్లగా వెలిసిపోతాయి, మిగతా సగం నల్లని నీడలో మునిగిపోతాయి. పైగా ఆ నీడలు రాతి రంగుతో కలిసి నమూనాలో శాశ్వతంగా అచ్చయిపోతాయి. ఈశాన్య రుతుపవనాల కాలంలో వానకూ వానకూ మధ్య మబ్బు పట్టి తెరపిచ్చిన పూట దీనికి శ్రేష్ఠమైనది. వెలుతురు అన్ని వైపుల నుంచి సమంగా పడుతుంది, తడి ఆరిన రాయి తన అసలు రంగు చూపిస్తుంది. గాలి మాత్రం ఉండకూడదు, ఎందుకంటే కదిలిన తుమ్మ కొమ్మ ఏ రెండు ఫొటోల్లోనూ ఒకేలా ఉండదు.

ఆ మబ్బు పూటతో వచ్చే చిక్కు ఏమిటంటే, అప్పుడు బావుల్లో నీరుంటుంది. నిశ్చలంగా ఉన్న నీటి మీద పడిన లేజర్ అద్దం మీద పడినట్లే తిరిగి మెట్లను తాకి వస్తుంది కనుక, నీటి కింద తలకిందులైన మరో మెట్ల వరుస, స్కానర్ కొలిచిన చుక్కలన్నీ కలిసి ఏర్పడే పాయింట్ క్లౌడ్‌లో ప్రత్యక్షమవుతుంది. అది లేని కట్టడం. దాన్ని తుడిచేస్తే అడుగున పెద్ద ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీని సాఫ్ట్‌వేర్ ఒక్క నొక్కుతో చదునుగా పూడ్చి, పక్క రాళ్ల రంగును దాని మీద పరిచి, చూసేవారికి అనుమానమే రాకుండా చేయగలదు. నా అభ్యంతరమంతా ఆ ఒక్క నొక్కు మీదే. ఒక బావి దగ్గర పని చూస్తూ కూర్చున్న పెద్దాయన, "నీళ్ల కింద ఇంకా మెట్లున్నాయి నాయనా, పక్కన గూట్లో వినాయకుడు కూడా ఉంటాడు, ఎండాకాలం వస్తే కనపడతాడు" అన్నారు. సాఫ్ట్‌వేర్ చదును చేయబోయిన చోట ఉన్నది అది!

అందువల్ల నేను కొలవని భాగానికి రాతి రంగు వేయను. ఫొటోలు, స్కానర్ నిజంగా చూసినంత మేరకే టెక్స్చర్, అంటే ఫొటోల నుంచి తీసిన రాతి రంగు, వేసి, మిగిలినదాన్ని తెరిచే ఉంచుతాను. చూసేవారి సౌకర్యం కోసం మూయవలసి వస్తే బూడిద రంగుతో మూసి, ఆ భాగం ఊహ మాత్రమేనని ఫైలుతో పాటు ఉండే వివరాల్లో రాస్తాను. సహజంగా కనిపించాలనే కోరిక నాకూ ఉంది. ఆటల కోసం, సినిమాల కోసం చేసే నమూనాల్లో ఖాళీలు పూడ్చడం తప్పు కాదు. ఊరి చరిత్రకు సాక్ష్యంగా నిలవవలసిన నమూనాలో మాత్రం ఆ పని సాక్షి చేత అబద్ధం చెప్పించడమే అవుతుంది.

ప్రతి నమూనా మీద తేదీ ఉండాలని కూడా అందుకే పట్టుబడతాను. 2020 జూన్‌లో చేజర్ల మండలం పెరుమాళ్లపాడు దగ్గర పెన్నా ఇసుకలో పూడిపోయిన నాగేశ్వరస్వామి ఆలయం పైభాగాన్ని గ్రామస్తులు తవ్వి వెలికితీశారు. అటువంటి చోట తవ్వకానికి ముందు, తవ్వుతున్నప్పుడు, తరువాత తీసిన నమూనాలు మూడు వేర్వేరు పత్రాలు. వాటిని కలిపి ఒక అందమైన నమూనాగా చేస్తే, ఇసుక ఎక్కడిదాకా ఉండేదో చెప్పే ఆధారం పోతుంది.

పెద్దాయన చెప్పిన బావికి నీరు ఇంకిన తరువాత మళ్లీ వెళ్లాలి. అప్పటి కొలతలు ఇప్పటి వాటితో అతికేందుకు, రాయికి రంగు పూయకుండా, మేకు కొట్టకుండా, కదలని ఒరరాళ్ల మూలలనే గుర్తులుగా ఎంచుకుని వాటి మధ్య దూరాలను టేపుతో కొలిచి రాసిపెట్టాను. కింది మెట్లను తెల్లవారగానే, ఎండ బావిలోకి దిగకముందే ఫొటోలు తీయాలి. గూడు ఇరుకైనది కాబట్టి దానికి స్కానర్ అందదు, చిన్న కెమెరాతో దగ్గర నుంచి తీసి ఆ మూలల ఆధారంగానే మిగతా నమూనాకు జతచేయాలి.