చిన్న పడవలో సిడ్నీ నుంచి హోబార్ట్‌కు

ఏటా డిసెంబరు 26న మధ్యాహ్నం ఒంటిగంటకు ఆస్ట్రేలియాలోని సిడ్నీ హార్బరులో ఫిరంగి పేలడంతో మొదలై, టాస్మానియా ద్వీపంలోని హోబార్ట్ నగరంలో ముగిసే సిడ్నీ–హోబార్ట్ తెరచాప పడవల పందెం 628 నాటికల్ మైళ్లు, అంటే దాదాపు 1,163 కిలోమీటర్లు. టీవీలో ఎక్కువగా కనిపించేది నూరడుగుల పడవల పోటీ. వాటిలో ఒకటైన కొమాంచీ 2017లో ఈ దూరాన్ని ఒక రోజు 9 గంటల 15 నిమిషాల్లో ముగించింది. నేను ఎక్కినది 34 అడుగుల పడవ, అందులో మేము ఆరుగురం. పెద్ద పడవ ఒక గాలిని చూసుకుని బయలుదేరి, అది మారేలోపే చాలా దూరం వెళ్లిపోగలదు. నాలుగైదు రోజులు పట్టే చిన్న పడవ మాత్రం దారిలో ఎదురయ్యే ప్రతి గాలినీ భరించి తీరాలి. అలాగని గెలుపు పెద్ద పడవలకే రాసిపెట్టి లేదు. ప్రధాన బహుమతి అయిన టాటర్సాల్ కప్పును, పట్టిన సమయాన్ని పడవ స్థాయికి తగిన గుణకంతో హెచ్చవేసి నిర్ణయిస్తారు. 1945లో జరిగిన మొదటి పందెంలో, గాలివానలో ఆచూకీ తెలియక మునిగిపోయిందేమోనని అందరూ భయపడిన రాణి అనే సుమారు 35 అడుగుల పడవే ముందుగా హోబార్ట్ చేరి, గుణకం లెక్కలో కూడా గెలిచింది.

మొదటి రాత్రి ఈశాన్యపు గాలి వెనుక నుంచి తోస్తుండగా, బుడగలా ఉబ్బే స్పిన్నేకర్ తెరచాపతో దక్షిణానికి సాగాము. మా నావిగేటరు పటం కంటే ఎక్కువగా నీటి ఉష్ణోగ్రత చూపే మీటరునే గమనిస్తూ కూర్చుంది. తూర్పు ఆస్ట్రేలియా ప్రవాహం వెచ్చని నీటిని దక్షిణానికి మోసుకుపోతుంది కనుక, మీటరు అంకె పెరిగిన చోట పడవకు గంటకు రెండు మూడు మైళ్ల వేగం ఊరికే కలిసి వస్తుంది. ఇబ్బంది ఎక్కడంటే, ఆ తీరంలో గాలి ఉన్నట్టుండి దక్షిణానికి తిరుగుతుంది. అప్పటిదాకా మనం వెతుక్కుంటూ పోయిన ప్రవాహమే ఎదురుగాలితో ఢీకొని అలలను పొట్టిగా, నిటారుగా లేపుతుంది. మరునాడు సాయంత్రం దక్షిణ దిక్కున నల్లని మబ్బు చాపచుట్టలా దొర్లుతూ కనిపించింది. స్పిన్నేకర్ దించి, ప్రధాన తెరచాపను మడిచి కుదించేసరికే చలిగాలి ముఖాన కొట్టింది. ఆ తర్వాత పడవ ఒక్కొక్క అల శిఖరం నుంచి ఖాళీలోకి పడినప్పుడల్లా అడుగుభాగం దడాలుమని మోగుతుంటే, లోపల పడుకున్నవారికి నిద్ర పట్టే మాటే లేదు.

నిజానికి పడుకోవడం కూడా పందెంలో భాగమే. పడవ ఒరిగిపోకుండా బరువంతా గాలి వచ్చే వైపునే ఉండాలి కాబట్టి, కాపలా వంతు ఉన్నవారు ఛాతీకి తొడుక్కున్న పట్టీకి కట్టిన తాడును పడవకు తగిలించుకుని, అంచున కాళ్లు బయటికి వేలాడేసి కూర్చుంటారు. వంతు లేనివారు ఆ వైపు పడకల మీదే పడుకుంటారు. పడవ దిశ మారితే తడిసిన పడక సంచీని మోసుకుంటూ అవతలి వైపుకు పాకాల్సిందే. మరిగే నీళ్లు పోస్తే తయారయ్యే ఉప్మా పొట్లాలు నేను తీసుకెళ్లాను. పొయ్యిని పడవతో పాటు ఒరగకుండా ఊగేలా అమరుస్తారు కాబట్టి గిన్నె నిలుస్తుంది, దాన్ని పట్టుకున్న మనిషి మాత్రం నిలవడు. తోటివారు ఆవకాయ వద్దన్నారు గానీ, ఉప్మా మిగల్చలేదు.

ఆస్ట్రేలియా ఆగ్నేయ తీరంలోని గ్రీన్ కేప్ దగ్గర ప్రతి పడవా తానూ తన మనుషులూ టాస్మానియాకు ముందున్న బాస్ జలసంధి దాటడానికి సిద్ధంగా ఉన్నామని రేడియోలో ప్రకటించాలి. 1998 తుపానులో బయలుదేరిన 115 పడవల్లో 44 మాత్రమే గమ్యం చేరాయి, ఆరుగురు మరణించారు, అయిదు పడవలు మునిగిపోయాయి. ఈ నియమం ఆ తర్వాత వచ్చింది. మా స్కిప్పరు, అంటే పడవ నాయకుడు, ప్రకటన చేసే ముందు ఒక్కొక్కరినీ పేరు పెట్టి అడిగారు. అది లాంఛనమని నాకు అనిపించలేదు. సగటున 60 మీటర్ల లోతే ఉన్న ఆ జలసంధిలో పడమటి నుంచి వచ్చే పెద్ద అలలు మరింత పైకి లేస్తాయి. అయితే మా అదృష్టం కొద్దీ అక్కడ గాలి ఒక మోస్తరుగానే వీచింది, చెప్పుకోదగ్గదేమీ జరగలేదు.

టాస్మన్ ద్వీపపు నిలువు కొండలనూ, రావుల్ అగ్రం వద్ద స్తంభాల్లా నిలిచిన రాళ్లనూ దాటి స్టార్మ్ బే చేరేసరికి చీకటి పడింది. ఐరన్ పాట్ దీపస్తంభం నుంచి గమ్యం 11 మైళ్లే. కానీ హోబార్ట్‌కు దారితీసే డెర్వెంట్ నదిలో రాత్రిళ్లు గాలి తరచూ పడిపోతుంది. పగలు వచ్చిన పడవ రెండు గంటల్లో ముగించే దూరంలో, మేము తెల్లవారేదాకా తెరచాపలు వేలాడేసుకుని ఉన్నాము. మాకు వెనుకనున్న రెండు పడవలు ఉదయపు గాలిని వెంటబెట్టుకుని వచ్చి మమ్మల్ని దాటిపోయాయి. మా తరగతి పడవల్లో మాకు నడిమి స్థానం దక్కింది. తూర్పు ఒడ్డుకు దగ్గరగా పోయి ఉంటే బాగుండేదని నావిగేటరు, పడమటి ఒడ్డే సరైనదని స్కిప్పరు కాన్‌స్టిట్యూషన్ డాక్‌లో పడవ కడుతూనే మొదలుపెట్టిన వాదన సిడ్నీకి తిరుగు ప్రయాణంలో కూడా తెమలలేదు.