పిల్ల వద్దన్న ఏనుగు ఉంగరం

మా అమ్మాయికి తొమ్మిదేళ్ళు. నెల రోజులుగా పీడకలలతో అర్ధరాత్రి లేచి కూర్చుంటోంది. ఫోన్‌లో ఈ సంగతి విన్న మా అమ్మ, "నీ చిన్నప్పటి ఏనుగు వెంట్రుక ఉంగరం నీ దగ్గరే ఉందిగా, దాని వేలికి పెట్టవే" అంది. నగల డబ్బా అడుగు నుంచి తీశాను. నల్లగా, తీగలా గట్టిగా ఉండే వెంట్రుక, పైన సన్నటి వెండి చుట్టు. పిల్ల దాన్ని అరచేతిలో వేసుకుని తిప్పి తిప్పి చూసింది. "ఇది ఏనుగు తోక నుంచి లాగారా? నొప్పి పుట్టదా దానికి?" అని, నా చేతిలోనే పెట్టేసి వెళ్ళిపోయింది.

ముందు కోపమొచ్చింది. మా అమ్మమ్మ నా వేలికి తొడిగిన ఉంగరం అది. "నాకు భయాలన్నీ దీంతోనే పోయాయి" అని వెనకాలే వెళ్ళి వాదించాను కూడా. కానీ ఈ ప్రశ్నలు దానికి జూన్‌లోనే మొదలయ్యాయి. ఇక్కడ అమెరికాలో, డెట్రాయిట్ జూకి తీసుకెళ్ళింది నేనే.

నాకు ఏనుగంటే చిన్నప్పుడు మా వీధిలోకి వచ్చిన ఏనుగే. మావటి కేకేస్తే ఇంటింటి నుంచీ చేటల్లో బియ్యం తెచ్చేవాళ్ళు. భయం పోతుందని నన్ను దాని కడుపు కింద నుంచి ఇటు నుంచి అటు దాటించారు. తొండం నెత్తిన ఆనితే తడిగా, వెచ్చగా ఉండేది. అది సందు తిరగకముందే కాలి గొలుసు చప్పుడు వినపడేది. నాకు అది పండగ చప్పుడు. ఎండకు కాలిన తారు రోడ్డు మీద ఆ కాళ్ళు ఎలా నడిచాయో ఒక్కసారి కూడా అనుకోలేదు.

ఆ ఆనందం పిల్లకీ చూపిద్దామని వెళ్తే, జూలో ఏనుగులే లేవు! వాటి చోట ఖడ్గమృగాలున్నాయి. ఎందుకు లేవని పిల్ల పట్టు పట్టడంతో అక్కడే ఫోన్ తీసి చదివి చెప్పాను. వింకీ, వాండా అని రెండు ఆసియా ఏనుగులు ఉండేవట. వయసు మీదపడి కీళ్ళ నొప్పులు. మిషిగన్ చలికి శీతాకాలమంతా చాలావరకు లోపలే, గట్టి నేల మీద నిలబడాలి. ఈ చలిలో, ఇంత కొంచెం చోటులో వీటికి న్యాయం చేయలేమని 2004లో అప్పటి డైరెక్టర్ రాన్ కేగన్ ప్రకటించారు. 2005లో వాటిని కాలిఫోర్నియాలోని జంతు సంరక్షణ కేంద్రానికి పంపేశారు. జనం ఎగబడి చూసే జంతువులను జూయే వదులుకుంది. వింకీ 2008లో, వాండా 2015లో అక్కడే కన్నుమూశాయి.

పిల్ల అంతా విని, "ఏనుగులకి కూడా మోకాళ్ళ నొప్పులా, అమ్మమ్మలాగా?" అంది.

నాకు నోట మాట రాలేదు. రెండేళ్ళ కిందట అమ్మ అక్టోబరులో ఇండియా నుంచి మా దగ్గరికి వచ్చింది. డిసెంబరు వచ్చేసరికి కిటికీ పక్క కుర్చీయే అమ్మ లోకం. మంచు మీద జారుతుందని నేనే గడప దాటనిచ్చేదాన్ని కాదు. పొద్దున్నే మోకాళ్ళు పట్టేసేవి. గోడ పట్టుకుని బాత్రూమ్‌కి వెళ్ళేది. జనవరిలో, "నేను వెళ్ళిపోతానే" అంటే, "ఇంకో మూడు నెలలేగా, టికెట్ మార్చాలంటే ఎంతవుతుందో తెలుసా" అన్నాను. ఏప్రిల్ దాకా ఉంచుకున్నాను. టికెట్ ఖర్చు ఒక సాకు. స్కూల్ బస్సు దిగే వేళకి ఇంట్లో మనిషి కావాలి, అదీ అసలు సంగతి.

అలాగని ఆ రోజు జూ నుంచి వెనక్కి వచ్చేయలేదు. ధ్రువపు ఎలుగుబంట్లు తలపై నుంచి ఈదే అద్దాల సొరంగంలో అరగంట నిలబడ్డాం. "అది మన కోసం ఈదుతోందా, దాని కోసమా?" అంది పిల్ల. తెలియదన్నాను. కప్పల భవనంలో మాత్రం నా మనసు కాస్త కుదుటపడింది. ప్యూర్టో రికోలో అంతరించిపోతున్న ఒక రకం గోదురుకప్పలను ఇక్కడ పెంచి, వాటి తోకకప్పలను తిరిగి అక్కడి నీళ్ళలో వదులుతారట. బయటికి వస్తూ ఏడాది సభ్యత్వం కూడా కట్టాను. తప్పో ఒప్పో ఇప్పటికీ తేల్చుకోలేదు.

పిల్లలను జూకి తీసుకెళ్ళే తల్లిదండ్రులకు ఒక మాట చెప్పాలనే ఇది మొదలుపెట్టాను. జంతువు పేరుతో పాటు అది ఎక్కడిది, ఇక్కడ దానికి ఎలా ఉంటుందో కూడా మాట్లాడమని. కానీ డిసెంబరులో ఇండియా వెళ్తున్నాం. అక్కడి జూలలోని ఏనుగులను ఏనుగుల శిబిరాలకు తరలించాలని, జూలను పర్యవేక్షించే సెంట్రల్ జూ అథారిటీ 2009లోనే చెప్పింది. గుడి ముందు ఏనుగు ఎదురైతే మాత్రం అమ్మ పిల్లను ఆశీర్వాదానికి నిలబెడుతుంది. పిల్ల వద్దంటుంది. అప్పుడు అమ్మ ముందు పిల్ల వైపు నిలబడే ధైర్యం నాకుందో లేదో.

ఉంగరం మళ్ళీ డబ్బాలోకే వెళ్ళింది. పారేయడానికి చేతులు రాలేదు. రాత్రి లేచినప్పుడు నేనే వెళ్ళి పక్కన పడుకుంటున్నాను.

అమ్మ వచ్చే మే నెలలో వస్తానంది. "తిరుగు టికెట్ సెప్టెంబరుకే తీయవే, ఆ చలి నేను పడలేను" అంది. సరేనన్నాను. నిన్న టికెట్లు చూస్తూ కూర్చున్నాను. సెప్టెంబరుతో పాటు నవంబరు తేదీలు కూడా పక్కనే తెరిచి పెట్టుకున్నాను.